గుట్ట మీద చెట్లు పెరిగాక బావిలో బురద తగ్గింది, కానీ నీళ్లు డికాషన్ రంగులో వస్తున్నాయి. ఎందుకు?

పంపుకాడి మనిషి అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది నర్సంపేట దాటి పాకాల వైపు ఒక చిన్న ఊరు. పదిహేనేళ్లుగా ఊళ్లో నీళ్లు వదిలే పని నాదే. పొద్దున ఐదింటికి మోటరు ఆన్ చేయడం, ట్యాంకులో బ్లీచింగ్ కలపడం, వాల్వులు తిప్పడం, ఏ వీధికి నీళ్లు ఎక్కకపోతే ఆ వీధివాళ్లతో తిట్లు తినడం. చదివింది పదో తరగతి. రాతలో తప్పులుంటే సర్దుకోండి.

మా ఊరి వెనకాల గుట్ట ఉంది. గుట్ట కింద కుంట, కుంట కట్ట కింద పెద్ద బావి. బావికి సొంత ఊట ఉంది, దానికి తోడు వానాకాలంలో కుంట తూము నుంచి ఒక పిల్ల కాలువ కూడా బావిలోకి పడుతుంది. తాగడానికి బయటి నుంచి పైపు నీళ్లు వస్తాయి గానీ అవి ఆగిన రోజు ఊరందరికీ ఈ బావే దిక్కు. స్నానాలకు, బట్టలకు ఎప్పుడూ ఇదే.

నా చిన్నప్పుడు గుట్ట మీద అడవి ఉండేది. నా పెళ్లి నాటికి గుండు కొట్టించినట్టు అయింది. వంటచెరుకుకు నరికారు, మేకలు మేశాయి, ఏటేటా ఎండాకాలం నిప్పు పడేది. 2017 ఎండాకాలంలో గుట్ట మీద పని మొదలైంది. వాలుకు అడ్డంగా కందకాలు తవ్వారు, ఒర్రెల్లో రాళ్లు పేర్చి చిన్న చిన్న కట్టలు వేశారు, మొక్కలు నాటారు. వన సంరక్షణ సమితి తీర్మానం రాసి మేత బంద్ పెట్టారు. నాటిన మొక్కలు సగానికి సగం ఎండిపోయాయి, ఆ కథ ఇప్పుడొద్దు. కానీ పాత మొద్దుల నుంచి చిగుళ్లు లేచాయి. తునికి, మద్ది, మోదుగ, పాలకొడిశ. ఎవరూ నాటనివే ఎక్కువ బతికాయి.

ఇక అసలు విషయం. బావి నీళ్లు ముందు ఒక సంపులో పడి అక్కడి నుంచి ట్యాంకుకు ఎక్కుతాయి. ఏటా కార్తీకంలో సంపు ఖాళీ చేసి అడుగున పేరుకున్న బురద తీయిస్తాను. ఎన్ని తట్టలు తీశామో మోటరు రూములో నోట్‌బుక్‌లో రాసి పెడతాను. కూలి లెక్క కోసం మొదలుపెట్టాను, తర్వాత అలవాటైంది. మొన్న అవన్నీ ఒక దగ్గర రాసి చూశాను. గుట్ట మీద పని జరగక ముందు, 2016లో 38 తట్టలు. పని జరిగిన 2017లో తగ్గాలి కదా, 45 అయింది! 2018లో 33, ఆ తర్వాత ఏడాదికేడాది దిగుతూ 2021కి 16. 2022లో 19. 2023లో మళ్లీ 52. పోయినేడు 15.

బురద తగ్గింది, సంతోషం. కానీ నాలుగేళ్లుగా తొలకరి నీళ్లు పల్చటి డికాషన్ రంగులో వస్తున్నాయి. గ్లాసులో పోసి రాత్రంతా పెట్టినా అడుగున మట్టి దిగదు, రంగు మాత్రం పోదు. ఇంకో తలనొప్పి ఏమిటంటే ఎప్పుడూ వేసినంత బ్లీచింగే వేస్తున్నా, ఆ రోజుల్లో చివరి వీధి నల్లా దగ్గర, నీళ్లలో క్లోరిన్ మిగిలిందో లేదో చూసే క్లోరోస్కోప్‌లో పసుపు రంగు రావడం లేదు.

ఊళ్లో రెండు జట్లయ్యాయి. మేకలు, గొర్లు ఉన్నవాళ్లు గుట్ట తెరవమంటున్నారు. మిగతావాళ్లు అడవి వల్లే నీళ్లు బాగయ్యాయి, తెరిస్తే ఊరుకోం అంటున్నారు. వచ్చే గ్రామసభలో నీళ్ల సంగతి నువ్వే చెప్పు అని నా మెడకు చుట్టారు. మస్తు టెన్షన్‌గా ఉంది. నిజంగా అడవి వల్లే బురద తగ్గిందా, వానల తేడానా? ఈ రంగేమిటి, తాగితే ప్రమాదమా? 2017లో, 2023లో బురద ఎందుకు పెరిగింది? తెలిసినవాళ్లు చెప్పండి.

క్యాన్ నీళ్ల బాధితుడు

అడవి పెంచితే నీళ్లు బాగయ్యే పనైతే ఊరూరా ఆర్వో ప్లాంట్లు ఎందుకన్నా? మా ఊరి చుట్టూ గుట్టలే, చెట్లూ ఉన్నాయి. అయినా బోరు నీళ్లలో ఫ్లోరైడ్, పిల్లల పళ్ల మీద పసుపు చారలు. ఫోటోల కోసం మొక్కలు నాటడం తప్ప ఏమీ లేదు ఇందులో.

రిటైర్డ్ బీట్ ఆఫీసర్

తమ్మీ, నీ నోట్‌బుక్ బంగారం. ముప్పై ఏళ్లు అడవిలో తిరిగాను, ములుగు దాకా పని చేశాను. గుట్ట మీద ఎన్ని మొక్కలు పెట్టారో లెక్క రాసినవాళ్లు వందమంది దొరుకుతారు. కింద ఎన్ని తట్టల బురద తగ్గిందో రాసినవాణ్ని నిన్నే చూస్తున్నాను.

ముందు 2017 సంగతి. కందకం తవ్వితే ఆ మట్టి ఎక్కడ పోస్తారు? దిగువ అంచున కట్టలా పోస్తారు. అది వదులు మట్టి, దాని మీద గడ్డి లేదు. మొదటి వానలకు అదే కొట్టుకొచ్చింది. ప్రొక్లెయిన్‌తో తవ్విన చోట ఇంకా ఎక్కువ వస్తుంది, ఎందుకంటే అది తిరిగిన దారంతా నేల నలుగుతుంది. తవ్వగానే ఆ కట్ట మీద గడ్డి గింజలు, స్టైలో అనే మేత మొక్క విత్తనాలు చల్లాలని రాసి ఉంటుంది. చల్లేది ఎంతమంది అన్నది నన్ను అడగకు. ఒకటి రెండేళ్లలో గడ్డి పట్టేస్తే ఆగిపోతుంది, నీ 2018 లెక్కలో అదే కనిపిస్తోంది.

2023 కూడా ఊహించదగ్గదే. ఆ జూలై చివరి వారం గుర్తుంది కదా. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్లు పడింది, రాష్ట్రంలో అంతకు ముందెన్నడూ నమోదు కానంత. మీ దగ్గర అంత కాకపోయినా కందకాలు నిండి పొర్లేంత పడే ఉంటుంది. నిండిన కందకం ఒక చోట తెగితే, దాని నీళ్లు కింద కందకం మీద పడి అదీ తెగుతుంది. పైనుంచి కింది దాకా గొలుసు లాగినట్టే. వెళ్లి చూడు, తెగిన గండ్లు ఇంకా అలాగే ఉండి ఉంటాయి. వాటికి రాయి పేర్చకపోతే ఏటా ఆ దారినే బురద వస్తుంది.

వానల తేడానా అడవా అన్నావు. రెండూ ఉంటాయి. కానీ వరసగా ఇన్నేళ్లు దిగిందంటే గుట్టే కారణమని నేనంటాను. బోడి నేల మీద చినుకు పడితే సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. మట్టి చిట్లి, సన్నని పొడి నేలలోని సందుల్ని పూడ్చేస్తుంది. అప్పుడు నీళ్లు ఇంకవు, పరుగెత్తుతాయి. పరుగెత్తే నీళ్లు చేతికందిందల్లా మోసుకొస్తాయి. అదే నేల మీద ఎండుటాకు దుప్పటి ఉంటే చినుకు దెబ్బ ఆకు తింటుంది, నీళ్లు నెమ్మదిగా కిందికి దిగుతాయి. అందుకే మా సార్లతో ఎప్పుడూ గొడవ పడేవాణ్ని, పైన చెట్టు కంటే చెట్టు కింద చెత్త ముఖ్యం అని.

పాకాలే చూడండి. గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన చెరువు. నీళ్లు వచ్చే వైపంతా గుట్టలు, అడవి. ఇంకా చెరువులాగే ఉంది. చుట్టూ అడవి పోయి చెలకలైన ఊరి చెరువులు ఎంతగా పూడిపోయాయో 2015లో మిషన్ కాకతీయ కింద పూడిక తీసినప్పుడు అందరం చూశాం.

ల్యాబ్ మేడం, హన్మకొండ

డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. పిల్లలతో ఊళ్ల నీళ్లు పరీక్ష చేయించడం నాకు అలవాటు. పంపుకాడి మనిషి గారూ, మీ డికాషన్ పోలిక సరిగ్గా సరిపోయింది. టీ ఆకులో ఉండే టానిన్ల వంటివే తునికి, మద్ది ఆకుల్లో, బెరడులో ఉంటాయి. ఎండాకాలమంతా గుట్ట మీద పేరుకున్న ఆకులు తొలకరి నీళ్లలో నానితే ఆ రంగు దిగుతుంది. నేలలో ఇంకి వచ్చే ఊట నీళ్లకు ఈ రంగు చాలావరకు ఉండదు, మట్టి దాన్ని పట్టుకుంటుంది. మీకు కనిపిస్తోందంటే తూము నుంచి పడే పిల్ల కాలువ వల్ల అనుకుంటాను. తొలకరి రెండు మూడు వానల వరకు ఆ కాలువ మూసి, బావి ఊట మీదే నడపగలరేమో చూడండి.

ఆ రంగు విషం కాదు. కానీ బ్లీచింగ్ పని చేయకపోవడానికి కారణం అదే. ఆకు రసం క్లోరిన్‌ను తినేస్తుంది. మీరు వేసినదంతా దానికే ఖర్చయి, క్రిములను చంపడానికి మిగలదు. చివరి నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. అలాగని రంగు నీళ్లలో బ్లీచింగ్ దండిగా గుమ్మరించడం కూడా మంచిది కాదు, క్లోరిన్‌కూ ఆ రసానికీ కలిసి పనికిరాని పదార్థాలు పుడతాయి. ముందు రంగు నీళ్లు రాకుండా చూసుకోవడమే తేలిక.

క్యాన్ నీళ్ల బాధితుడు గారి కోపం అర్థమైంది, కానీ ఆయన రెండు వేరు వేరు సంగతులు కలిపేశారు. ఫ్లోరైడ్ గుట్ట మీద నుంచి కొట్టుకొచ్చేది కాదు, కింద రాతిలోంచి కరిగి వచ్చేది. మన వైపు గ్రానైట్‌లో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలుంటాయి. బోరు ఎంత లోతుకు పోతే, నీళ్లు ఆ రాతితో ఎంతకాలం ఉంటే అంత ఎక్కువ దిగే అవకాశం ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. అడవి దాన్ని తీసేయలేదు. వాన నీళ్లు బాగా ఇంకితే పై ఊటలో కొంత పలచబడుతుంది, అంతే. అడవి ఆపగలిగేది పైనుంచి పారి వచ్చే వాటిని: మట్టి, పేడ, బూడిద, మట్టిని అంటుకుని వచ్చే డీఏపీలోని భాస్వరం.

యూరియా సంగతి వేరే. అది నైట్రేట్‌గా మారి నీళ్లతో పాటు నేరుగా కిందికి దిగుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. గుట్ట మీద ఎంత అడవి ఉన్నా, బావి చుట్టూ పత్తి, మిర్చి వేసి బస్తాలు బస్తాలు చల్లితే గుట్ట ఏం చేస్తుంది?

అడవితోనే నీళ్లు శుద్ధి చేసుకునే పెద్ద నగరం ఉందా అని మా పిల్లలు అడుగుతుంటారు. న్యూయార్క్ ఉంది. తనకు నీళ్లిచ్చే కాట్స్కిల్ కొండల అడవుల్ని, అక్కడి రైతుల పొలాల్ని చూసుకోవడానికి 1997లో ఒప్పందం కుదుర్చుకుని, చాలా ఖరీదైన ఫిల్టర్ ప్లాంటు కట్టే పని తప్పించుకుంది. అయినా ఆ నీళ్లకు క్లోరిన్ వేస్తారు, అతినీలలోహిత కిరణాలతో క్రిములనూ చంపుతారు. అడవి నుంచి వచ్చాయి కదా అని ఎవరూ అలాగే తాగరు.

అందుకే మీకు ఒక పని చెబుతాను. క్రిముల పరీక్షకు చిన్న సీసాలు దొరుకుతాయి, హెచ్‌టూఎస్ సీసా అంటారు. నీళ్లు పోసి మామూలు ఎండాకాలం వేడిలో ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే నల్లగా మారుతుంది. ఒకటి ఒర్రె దగ్గర, ఒకటి కుంటలో, ఒకటి బావిలో పట్టండి. ఒక మాట కూడా అడుగుతాను: మేత బంద్ పెట్టాక మీ ఊరి పశువులు ఎక్కడికి పోతున్నాయి?

తాడ్వాయి పిల్ల

పంపుకాడి అన్నా, మేము కోయోళ్లం, మా గూడెంలో ఇప్పటికీ ఎండాకాలం వాగు ఇసుకలో చెలమ తీసి తోడుకుంటాం. నేను చిన్నప్పుడే అమ్మ చెప్పింది, పెద్ద టేకు ప్లాంటేషన్ కింద నుంచి వచ్చే ఒర్రెలో చెలమ తీయొద్దని. వాన పడితే ఆ ఒర్రె ఎర్రగా పారుతుంది. వెదురు, ఇప్ప, మద్ది అన్నీ కలిసిన అడవి నుంచి వచ్చే ఒర్రె రెండో రోజుకే తేటగా ఉంటుంది. రెండూ అడవే అంటారు కాగితాల మీద. ఇక్కడ ఎవరూ ఆ తేడా చెప్పట్లేదు.

మా తప్పూ చెబుతాను. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతాం, నేల శుభ్రంగా ఉంటే పువ్వు కనిపిస్తుందని. అది పక్కకు పాకిన ఏడాది తొలకరి నీళ్లు నల్లగా వస్తాయి. ఇప్పుడు మా గూడెంలో కొందరు పాత చీరలు, వలలు పరిచి ఏరుతున్నారు.

కానీ అడవిని కాపాడటం అంటే మనుషుల్ని బయటికి పంపడం అనుకుంటే నేనొప్పుకోను. 2024 ఆగస్టు 31న గాలికి మా అడవిలో వేల చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. దారులు మూసుకుపోతే ఎక్కడ ఏ ఒర్రె పూడిందో మా వాళ్లకే తెలుసు. 2006 అటవీ హక్కుల చట్టంలో సామూహిక అడవి మీద గ్రామసభకు కాపాడే హక్కు ఉంది. మీ మేకలవాళ్లను శత్రువుల్లా చూడకండన్నా. వాళ్లను కూర్చోబెట్టి అడగండి.

రిటైర్డ్ బీట్ ఆఫీసర్

బిడ్డా, టేకు మాట నిజం. ఒప్పుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. టేకు ఆకు విస్తరంత. దాని మీద చినుకులు చేరి లావు చుక్కలై పడతాయి. కింద గడ్డి, పొదలు లేకపోతే ఆ చుక్క బోడి నేల మీద చినుకు కంటే గట్టిగా తగులుతుంది. ప్లాంటేషన్ శుభ్రంగా కనిపించాలని కింద పొదలన్నీ కొట్టించేవాళ్లం. ఆ శుభ్రమే కొంప ముంచింది.

తమ్మీ, ఇంకో సంగతి. మేకలను, పశువులను ఒకే కట్టకు కట్టకు. మేక చిగురు కొరుకుతుంది, మొద్దు మీద చిగురు పోతే ఇక అంతే. ఆవు, బర్రె గడ్డి మేస్తాయి. చిగుళ్లు మనిషి ఎత్తు దాటిన చోట పశువులను వదిలితే పెద్ద నష్టం లేదు, వాన నిలిచి నేల గట్టిపడ్డాక మాత్రమే. తడి నేలను తొక్కితే అది అణిగి నీళ్లు ఇంకవు.

పంపుకాడి మనిషి (మూడు వారాల తర్వాత)

ఆలస్యానికి మన్నించండి. మేడం ఆ చివరి ప్రశ్న అడిగినప్పటి నుంచి నిద్ర పట్టలేదు.

సీసాలు తెప్పించి మూడు చోట్ల పట్టాను. గుట్ట నుంచి దిగే ఒర్రె సీసా రెండో రోజు సాయంత్రానికి కొంచెం నల్లబడింది. కుంటది రెండో రోజు పొద్దున. బావిది? పట్టిన మర్నాడు పొద్దున మోటరు రూము తలుపు తీసేసరికే బొగ్గులా ఉంది. మూడింట్లో చూడటానికి తేటగా ఉన్నవి బావి నీళ్లే.

అప్పుడు ఒక పొద్దున మోటరు ఆన్ చేసి కట్ట మీద కూర్చుని లెక్కపెట్టాను. 64 బర్రెలు, ఆవులు. రెండు మందల మేకలు. గుట్ట తెరిచి ఉన్నప్పుడు ఇవన్నీ పైకి వెళ్లేవి. బంద్ పెట్టాక ఏడేళ్లుగా కుంట శిఖంలో, అంటే నీళ్లు తగ్గాక తేలే కుంట నేలలో మేసి, కట్ట కింద చింత చెట్ల నీడలో, సరిగ్గా నా పిల్ల కాలువ పక్కనే, మధ్యాహ్నం దాకా పడుకుంటున్నాయి. పేడంతా ఆ కాలువలోకే. రోజూ ఆ పశువుల మధ్య నుంచే సైకిల్ నడిపించుకుంటూ వెళ్తున్నాను. బురద తగ్గిందని సంబరంలో అది కంటికి ఆనలేదు.

కాలేజీ పిల్లలు వచ్చి కిట్‌తో మిగతావీ చూశారు. బావిలో ఫ్లోరైడ్ 0.6, బడి దగ్గర బోరులో 1.8. నైట్రేట్ బావిలో ఇబ్బంది లేదు, మిర్చి తోటల మధ్య బోరులో మాత్రం 60 దాటింది. ఆ రెండు బోర్ల మీదా ఎర్ర రంగు పూసి తాగొద్దని రాశాం. మిర్చి రైతు నా మీద అలిగాడు, పోనీ.

గ్రామసభలో మాట్లాడాను. మైకు పట్టుకుంటే చేయి వణికింది. నోట్‌బుక్ చూపించి బురద లెక్క చదివాను, అడవి జట్టు చప్పట్లు కొట్టింది. తర్వాత నల్ల సీసా తీసి బల్ల మీద పెట్టాను, చప్పట్లు ఆగాయి. పశువులను కిందికి తోలింది మనమే, ఇప్పుడు వాటి పేడ తాగుతున్నది మనమే అని చెప్పాను. మేకలవాళ్లలో ఒక పెద్దాయన లేచి "ఏడేండ్ల నుంచి ఇదే మొత్తుకుంటున్నం, నీ సీసా చెప్తే ఇన్నరు" అన్నాడు. దానికి జవాబు లేదు నా దగ్గర.

చివరికి తేలింది ఇది. కుంట వైపు వాలు బంద్‌లోనే ఉంటుంది. అవతలి వాలులో చిగుళ్లు ఎత్తు దాటిన చోట దసరా తర్వాత పశువులకు దారి ఇస్తారు, మేకలకు లేదు. మేకలవాళ్లు ఇటు వాలులో గడ్డి కోసుకుపోవచ్చు. బావికి మూడు వందల మీటర్ల దిగువన పశువులకు నీళ్ల తొట్టి కట్టాలి, మోటరు నుంచి పైపు నేను వేస్తానన్నాను. తొట్టికి సిమెంటు ఎవరివ్వాలన్న దాని మీద గంటన్నర కొట్లాడి, అది తేలకుండానే లేచారు. అయినా ఆ రాత్రే పిల్ల కాలువకు అడ్డుకట్ట వేశాను.

ఒక ముచ్చట. తొట్టి చోటు చూడటానికి వెళ్తుంటే మా నాయనమ్మ అడిగింది, గుట్ట మీద చిల్ల చెట్టు మళ్లీ కనిపించిందా అని. తన కాలంలో బురద నీళ్ల కుండలో చిల్లగింజ అరగదీసి పోస్తే తెల్లారేసరికి తేటపడేవట. తేటపడితే చాలదట నానమ్మా అంటే నవ్వింది. చెట్టు మాత్రం ఉంది, మూడు కనిపించాయి, రెండో కందకం మీద.

రిటైర్డ్ సార్, మీరన్న గండ్లు కూడా చూశాను. మొత్తం ఐదు. రెండింటికి రాయి పేర్చాం. మేడం, నోట్‌బుక్‌లో తట్టల పక్కన ఇంకో గీత గీశాను, సీసా ఎన్ని గంటలకు నల్లబడిందో రాయడానికి. తొట్టి కట్టాక మళ్లీ పట్టి ఇక్కడే పెడతాను. సీసాలు ఒకేసారి డజను తీసుకుంటే తక్కువకు ఇచ్చే చోటు హన్మకొండలో ఉంటే చెప్పండి.